నడిమి బిందె

కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కుంగిన వరద వచ్చిపోయాక రెండో ఏడు. ఆ ఏడు శ్రావణాలు రెండు వచ్చాయి. ముందొచ్చింది అధికం. అధిక మాసంలో పెళ్ళి పెట్టుకునేవాడు ఉండడు, బంగారం కొనేవాడు అంతకన్నా ఉండడు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో శెట్లందరూ త్రాసుల మీద ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. అంగడికి సున్నం కొట్టించాలన్నా, అద్దాలు మార్పించాలన్నా అంతకు మించిన అదను దొరకదు. బాలసుబ్రహ్మణ్యం శెట్టి అంగడిలో కూడా ఆ నెలలోనే పని పెట్టారు.

పెట్టింది శెట్టి కాదు, కోడలు ఐశ్వర్య. ఆమె శెట్టి అక్క కూతురే. కొడుకు దినేష్‌కు చేసుకున్నారు. అందుకని ఆమెకు కోడలి బెదురు తక్కువ, మేనకోడలి చనువు ఎక్కువ.

శెట్టి మూడో తరగతి దాటకుండానే బడి మానేసి త్రాసు ముందు కూర్చున్నవాడు. మాటలు తక్కువ. ఆ వీధి ఎలాంటిదంటే, అంగళ్ళ ముందు దుమ్ము ఊడ్చుకుపోయి, నీళ్ళలో జాలించి, ఆ దుమ్ములోంచి బంగారు రవ్వ ఏరుకుని బతికేవాళ్ళున్న వీధి. అక్కడ పెరిగినవాడికి అనుమానం రోగం కాదు, చేతివిద్య. కంసాలికి బంగారం ఇస్తే తూచి ఇస్తాడు. నగ వస్తే తూచి తీసుకుంటాడు. ఆకురాయి పెట్టినప్పుడు రాలిన పొడిని కూడా పొట్లం కట్టించి తూస్తాడు. అన్నీ కలిపితే మొదటి తూకం రావాలి. తగ్గితే దొంగతనం. పెరిగితే లోపల లక్క కూరినట్టు. సరిగ్గా వస్తే, ఇంత సరిగ్గా ఎట్లా వచ్చిందా అని ఇంకోసారి తూస్తాడు.

"మామా, అవ్వ బిందెలు అటక మీద చిలుమెక్కుతాండాయి," అంది ఐశ్వర్య ఒకరోజు. "వాటిని దీపాలు చేయిస్తా. అద్దాల బల్ల పైన వరసగా యాలాడేస్తే అంగడికి కళొస్తాది."

"బిందెలా?"

"ఊ."

"దీపాలా?"

"ఊ అంటాండా కదా. ఇప్పుడు పెద్ద పెద్ద అంగళ్ళలో అన్నీ ఇట్లాంటివే. గొలుసు గూడా ఉండదు. ఉత్త వైరుకే యాలాడతాయి. అదే అందం."

శెట్టి పైకి, బోసిగా ఉన్న స్లాబు వంక చూశాడు. ఆ బిందెల బరువు అతనికి తెలుసు. కానీ బరువనగానే అతనికి తూకం గుర్తొస్తుంది గాని మోత గుర్తురాదు. జీవితమంతా గురిగింజల లెక్కలో బతికినవాడికి, ఒక వస్తువు ఇంకో వస్తువును మోయాలన్న సంగతి ఎప్పుడూ అవసరం పడలేదు.

ఆ బిందెలు శెట్టి తల్లి సుబ్బలక్ష్మమ్మవి. ఒకదానిలో ఒకటి ఇమిడే మూడు పాతకాలపు ఇత్తడి బిందెలు. అందరూ బిందె అంచు మీద పేరు కొట్టించుకుంటే ఆమె అడుగున కొట్టించుకుంది. అంచు మీదైతే ఎవరైనా అరగదీసి తమదంటారని ఆమె భయం. అడుగైతే, కొళాయి దగ్గర బోర్లించినప్పుడు ఊరందరికీ కనబడుతుంది, అరగదీయబోతే బిందెకు చిల్లి పడుతుంది. అనుమానం ఆ ఇంట్లో శెట్టితో మొదలుకాలేదు.

దీపాలు చేసే జియావుల్లా జమ్మలమడుగులో ఉన్నాడు. మోటార్ల వైండింగు చేసేవాడు. కొన్నాళ్ళు బెంగళూరులో ఉండొచ్చి, పాత ఇత్తడి సామాన్లకు బల్బులు పెట్టి ఇళ్ళకూ హోటళ్ళకూ అమ్ముతున్నాడు. చేతికి పని ఎంతో నోటికీ అంతే పని. బిందెలు మూడూ గోనెసంచిలో వేసుకుని శెట్టీ, ఐశ్వర్యా అతని కొట్టుకు పోయారు. శెట్టి సంచిలోంచి ముందు కొక్కెం త్రాసు తీశాడు, ఆ తర్వాత బిందెలు.

"ఏం శెట్టీ, తూకమేస్తాండావు?" అన్నాడు జియావుల్లా. "ఇవి ఇత్తడివప్పా, బంగారువి కాదు."

"ఏదైనా తూకమే."

"అట్లయితే నన్ను గూడా ఏసుకో. రేపొచ్చి, బిందె తిని లావైనావంటావు."

ఐశ్వర్య నవ్వు ఆపుకుంది. శెట్టి తూకాలు మనసులో పెట్టుకున్నాడు.

జియావుల్లా పెద్ద బిందెను బల్ల మీద పెట్టి, అరచేత్తో దాని కడుపు నిమిరాడు. "అడుగు కోసేస్తామ్మా. మెడ పైకి, కడుపు కిందికి. మెడలోంచి వైరు దిగుతాది, కడుపులో బల్బు కూచుంటాది. ఎలుగు కిందికి కమ్ముకుంటాది. పాత ఇత్తడి కదా, పసుపు పూసినట్టుంటాది సూడు."

"కోసిన ముక్కలు నాకియ్యాల," అన్నాడు శెట్టి.

"ఏ ముక్కలు?"

"అడుగులు. పొడి గూడా."

"పొడి గూడానా?" జియావుల్లా ఐశ్వర్య వంక చూశాడు. "సరే తల్లీ. ఊడ్సి పొట్లం కట్టిస్తా. నేలకంటిన దుమ్ము నాది, ఇత్తడి మీ మామది."

నిజ శ్రావణం వస్తుందనగా దీపాలు ఆటోలో దిగాయి. బిందెలు చింతపండుతో తోమి మెరుగు పెట్టినట్టున్నాయి. జియావుల్లా స్లాబులో కొక్కేలు బిగించి, నిచ్చెన ఎక్కబోతుంటే శెట్టి చెయ్యి అడ్డం పెట్టాడు.

"తూకం."

"యా అల్లా. వైరు, హోల్డరు, బల్బు కలిసుండాయి కదా శెట్టీ, ఎట్ల తూస్తావు?"

"అట్లాంటివే ఇంకోటి ఇయ్యి. దాన్ని తూసి తీసేస్తా."

జియావుల్లా సంచిలోంచి అంతే పొడుగు వైరు, ఒక హోల్డరు, బల్బు తీసి ఇచ్చాడు. శెట్టి వాటిని తూచి తీసేసి, బిందెలు తూచి, పొడి పొట్లం తూచి, అన్నీ మనసులో కలుపుకున్నాడు. సరిగ్గా వచ్చింది. ఇంకోసారి తూచాడు. మళ్ళీ సరిగ్గానే వచ్చింది.

అక్కడే అతనికి గుబులు పట్టుకుంది. బిందెలకు అడుగుల్లేవు. ఎదురుగా కంటికి కనబడుతోంది, కింద అంతా తెరిచిన నోరే. అడుగులు లేని బిందెలు అడుగులున్న బిందెల తూకం ఎట్లా తూగుతాయి?

"అడుగులు యాడ?"

"లోపలుండాయి. మెడ కాడ."

"చూపీ."

"ముడేసి బిగించేసినా శెట్టీ. ఇప్పుడు ఇప్పితే మళ్ళా మొదట్నుంచి కట్టాల."

"నేను అడిగినా కదా. ముక్కలు నాకియ్యాలని."

"అవి ముక్కలు కాదప్పా ఇప్పుడు. పనిలో ఉండాయి. వాటి జోలికి పోవద్దు. తీస్తివా, బిందె వచ్చి నీ నెత్తిన పడ్తాది."

ఆ మాట జియావుల్లా నవ్వుతూనే అన్నాడు. శెట్టికి మాత్రం అది బెదిరింపులా వినబడింది. వస్తువు చూపించమంటే నెత్తిన పడుతుందంటాడేమిటి? లక్క కూరిన గొలుసు తెచ్చినవాడు కూడా ఇట్లాగే, "కరగబెట్టొద్దు శెట్టీ, పనితనం పాడైతాది" అంటాడు.

దీపాలు ఎక్కాయి. అద్దాల బల్ల మీద మూడు పసుపు వలయాలు పడ్డాయి. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. జియావుల్లా నిచ్చెన మడిచి, పులివెందులలో కొత్త హోటలుకు దీపాలు కట్టాలి, ఏమన్నా ఉంటే ఫోన్ చేయమని చెప్పి పోయాడు. పని అయిన రోజే ఊరు దాటిపోతున్నాడన్న సంగతి కూడా శెట్టి మనసులో పెట్టుకున్నాడు.

అడుగుల ఇత్తడి అమ్ముకుని, ఆ తూకానికి సరిగ్గా సీసం కరిగించి మెడలో పోసి ఉంటాడు. అట్లాగాక ఇంకెట్లా?

మర్నాడు మధ్యాహ్నం ఐశ్వర్య అన్నానికి ఇంట్లోకి పోయింది. దినేష్ సరుకుకని చెన్నై పోయి ఉన్నాడు. శెట్టి షట్టరు సగానికి దించి, స్టూలు వేసుకుని నడిమి బిందె కింద నిలబడ్డాడు. అదే పెద్దది. స్విచ్చి ఆపి, బిందెను వైరు వెంట పైకి నెట్టి, గుడ్డ పేలికతో కట్టి నిలిపాడు. నెట్టగానే లోపలి సరంజామా అంతా కిందికి వేలాడుతూ కనబడింది.

సీసం లేదు.

గుండ్రంగా కోసిన ఇత్తడి బిళ్ళ ఉంది. బిందె మెడలోంచి పైకి పోలేనంత వెడల్పు. నడుమ బెజ్జం, బెజ్జం అంచు వైరును కోయకుండా రబ్బరు వాసరు. బెజ్జంలోంచి వైరు దిగి, బిళ్ళ కింద లావుపాటి ముడి పడింది. ముడి కింద వైరు కొంచెం వదులుగా ఒంపు తిరిగి, మెడలో పట్టనంత వెడల్పున్న హోల్డరులోకి పోయింది. అంటే బిందె భుజాలు బిళ్ళ మీద కూర్చుంటాయి, బిళ్ళ ముడి మీద కూర్చుంటుంది. హోల్డరు మరల మీద ఏ బరువూ పడదు. ఒక పచ్చ వైరు మాత్రం విడిగా వచ్చి బిళ్ళకే మరతో బిగించి ఉంది.

శెట్టి బిళ్ళను చేత్తో తిప్పి చూశాడు. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. సుబ్బలక్ష్మమ్మ. బెజ్జం అక్షరాలకు తగలకుండా చూసి పొడిచాడు జియావుల్లా.

ఇంకొకడైతే అక్కడితో మనసు కుదుటపడి దిగిపోయేవాడు. శెట్టి దిగలేదు. పేరున్న ముక్కనే ఎందుకు లోపల దాచాడు? చూపించమంటే ఎందుకు చూపించలేదు? ఇంకో ఏడు పోతే దీపం చెడిందని విప్పుకుపోయి, పేరున్న బిళ్ళ తీసుకుని రేకుబిళ్ళ పెడితే అడిగేదెవరు? పైగా తానేం చెప్పాడు? ముక్కలు నాకు రావాలి అన్నాడు. ముక్క అనేది ఇంటికి రావాలి. అది ఆ వీధి ధర్మం.

మరలు విప్పాడు, ముడి విప్పాడు, బిళ్ళ తీశాడు. బల్బుకు రెండు వైర్లు చాలు, మూడోది ఎవరి సొమ్మని పచ్చ వైరును మడిచి టేపు చుట్టాడు. బిందె ఆనుకోడానికి ఏదో ఒకటి కావాలి కదా. పాత నగల పెట్టె అట్టను రెండు పొరలుగా అతికించి, అంతే గుండ్రంగా కత్తిరించి బిళ్ళ ఉన్నచోట పెట్టాడు. కింద ముడి వేశాడు. బంగారు తీగ ముడివేసే వేళ్ళు గదా, ముడి బాగానే వచ్చింది. బిందెను కిందికి వదిలితే వచ్చి అట్ట మీద కూర్చుంది. కింది నుంచి చూస్తే ఏ తేడా లేదు.

బిళ్ళను తడిగుడ్డతో తుడిచి దేవుడి గూట్లో లక్ష్మి పటం పక్కన పెట్టాడు. మిగిలిన రెండు బిందెలు కూడా విప్పాలనుకున్నాడు గాని, నిజ శ్రావణం వచ్చి పడింది. అంగట్లో కాలు పెట్టే సందు లేకపోయింది.

వరలక్ష్మీ వ్రతం దగ్గరికి వచ్చేసరికి శెట్టికి నడిమి వలయం మీద అనుమానం కలిగింది. పక్క వలయాలు అద్దం మీద పళ్ళెమంత ఉన్నాయి. ఇది చిక్కిపోతోంది. నిన్న కమ్మలు పెట్టిన పళ్ళెం అంచు వెలుగులో ఉంది, ఈరోజు చీకట్లో ఉంది.

జియావుల్లా బల్బు మార్చి తక్కువ వెలుగుది పెట్టిపోయాడనుకున్నాడు ముందు. పక్క బల్బు తీసి ఇందులో పెట్టి చూశాడు. అంతే ఉంది. తర్వాత అనుమానం కరెంటు మీదికి పోయింది. ఆ తర్వాత, పోయిన ఏడు కడపలో తన కంటికి ఆపరేషను చేసిన డాక్టరు మీదికి పోయింది. ఎడమ కన్ను మూసి చూశాడు, కుడి కన్ను మూసి చూశాడు. రెంటికీ వలయం చిన్నదే.

"మామా, నడిమి బిందె దిగినట్టుంది సూడు," అంది ఐశ్వర్య. "బల్బు లోపలికి పోయినట్టు కనపడ్తాంది."

"వైరు సాగింటాది."

"వైరేమన్నా రబ్బరా మామా, సాగేకి?"

జియావుల్లా నాసి వైరు వేశాడు, అంతే. దొరికాడు. శెట్టి ఫోను తీసుకుని వెనక గదిలోకి పోయాడు.

"ఏం శెట్టీ, బాగుండావా?" అటునుంచి సుత్తి చప్పుళ్ళ మధ్య జియావుల్లా గొంతు. "బిందెలెట్లుండాయి?"

"నీ వైరు సాగుతాంది. నడిమిది దిగింది."

"నా వైరు సాగదు. ఎంత దిగింది?"

"బొటనేలు పొడుగు."

సుత్తి చప్పుడు ఆగింది. ఎవరినో ఆగమన్నట్టున్నాడు. "శెట్టీ, లోపల బిళ్ళ ఉండాదా?"

శెట్టి గూట్లో ఉన్న బిళ్ళను చూశాడు. "ఉండాది."

"ఉంటే దిగదు. దిగిందంటే లేదు." జియావుల్లా గొంతులో ఆట పోయింది. "తీసినావా? తీసి ఏం పెట్టినావు?"

శెట్టి ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"సరే, చెప్పొద్దులే. నేను చెప్పేది ఇను. ఏం పెట్టినా అది ఒంగుతాంది. ఒంగి ఒంగి ఒక్కసారే మెడలోంచి జారుతాది. అప్పుడు బిందె బరువంతా హోల్డరులోని రెండు రాగి తీగల మీద పడ్తాది. అవి ఆగవు. పచ్చ వైరు గూడా పీకినావా?"

"...ఊ."

"నీ తెలివి తగలడ. అది, తెగిన కరెంటు వైరు ఇత్తడికి తగిల్తే మనిషిని కాపాడే ఎర్తు వైరప్పా! బిందెను ముట్టుకోవద్దు. ముందు మెయిను ఆపు, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. దాని కింద ఎవురున్నా లేపు."

శెట్టి తలుపు సందులోంచి అంగట్లోకి చూశాడు. నడిమి బిందె కింద, ఆ చిక్కిన వలయంలోకి తల వంచి ఐశ్వర్య గాజులు చూపిస్తోంది. ఎదురుగా దువ్వూరు నుంచి వచ్చిన రమణమ్మ, పక్కన ఆమె కూతురు సుమ. సుమకు కార్తీకంలో పెళ్ళి. రమణమ్మ తన చేతి పాత గాజు తీసి, కొత్త గాజు పక్కన పెట్టి, రెంటినీ వెలుగులో తిప్పి తిప్పి రంగు పోల్చుకుంటోంది. ముగ్గురి తలలూ దగ్గరగా ఉన్నాయి. వాళ్ళ తలల మీద ఆ బిందె కదలకుండా వేలాడుతోంది.

జియావుల్లా అన్న మాట నిజమని ఆ క్షణంలో శెట్టికి తెలిసిపోయింది. తూచనవసరం లేకుండానే తెలిసిపోయింది.

అతను బయటికి వచ్చాడు. "లేయండి."

ఐశ్వర్య తలెత్తింది. "ఏంది మామా?"

"లేయండి. ఆ పక్కకు పోయి కూచోండి."

రమణమ్మ గాజుల మీద అరచెయ్యి పెట్టింది. "యాందుకు శెట్టీ?"

"ఈడొద్దు. ఆ మూలకు రాండి."

"ఆ మూల చీకటిగా ఉండాది కదప్పా!" రమణమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. "ఇంతసేపూ బాగనే కూచోబెడితిరి. నా గాజు తీసి పక్కన పెట్టి రంగు చూస్తాండాననంగానే ఎలుగులోంచి లేయమంటాండావు. ఏముండాది దీంట్లో?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకుంటే ఈడనే చూపీ. నాకీ దీపమే కావాల. సుమా, కదలొద్దు."

"అమ్మా, పిలుస్తాండాడు కదా, పోదాం పా," అంది సుమ.

"కూచోవే. నీకేం తెల్దు."

శెట్టి ఎవరినైనా చూసే చూపుతోనే రమణమ్మ ఇప్పుడు శెట్టిని చూస్తోంది. ఆ చూపు ముందు ఎంతమంది కంసాలులు గుటకలు మింగారో అతనికి తెలుసు. ఇప్పుడు అతను మింగాడు.

పైన ఏదో చర్రుమంది. సన్నగా, పాత కవరు చినిగినట్టు.

శెట్టి రెండంగల్లో గోడ దగ్గరికి పోయి మెయిను దించేశాడు. దీపాలన్నీ ఆరిపోయాయి. ఫ్యాను ఆగింది. వీధిలోంచి వచ్చే వెలుగు గడప దాటి కొద్దిగా పడుతోంది.

"ఓయమ్మో! లైట్లార్పినాడే!" రమణమ్మ గాజులన్నీ ఒళ్ళోకి ఊడ్చుకుని, వాటి మీద వంగిపోయింది. "ఐశ్వర్యా, నీ చేతులు బల్ల మీద పెట్టు తల్లీ, నాకు కనపడాల! శెట్టీ, యాడుండావు నువ్వు?"

శెట్టి స్టూలు ఎక్కి ఉన్నాడు. అరచేతులు రెండూ బిందె కడుపు కింద పెట్టాడు. పెట్టిన మరునిమిషం అట్ట పూర్తిగా చినిగింది. బరువంతా ఒక్కసారి చేతుల్లోకి దిగింది. స్టూలు కిర్రుమంది. చిన్నప్పుడు తల్లి నెత్తిన పెట్టుకుని వస్తుంటే తేలికగా కనబడిన బిందె ఎంత బరువో ఇన్నేళ్ళకు అతని చేతులకు తెలిసింది.

"ఐశూ," అన్నాడు. "వాళ్ళను లేపు. ఇది పడ్తాంది. మొయ్యలేకపోతాండా."

ఐశ్వర్య పైకి చూసింది. చటుక్కున సుమ రెక్క పట్టి లాగింది. రమణమ్మ గాజుల మూటతో సహా కుర్చీ వెనక్కి తోసుకుని లేచింది. ఐశ్వర్య కుర్చీ ఎక్కి బిందె అంచు పట్టుకుంది. ఇద్దరూ కలిసి మెల్లగా దాన్ని కిందికి దింపి, బల్ల అద్దానికి తగలకుండా శెట్టి కూర్చునే పరుపు మీద పెట్టారు. హోల్డరులోంచి ఊడిన రెండు రాగి తీగలు పైనుంచి వేలాడుతున్నాయి.

రమణమ్మ తలెత్తి ఆ తీగల వంక చూసింది.

"ఏందప్పా ఇది," అంది రమణమ్మ. "ఆ చెప్పేదేదో నోరు తెరిసి చెప్పకూడదా? బిందె పడ్తాదంటే లేచిపోమా?"

శెట్టి స్టూలు మీద నుంచి దిగి, దాని మీదే కూర్చున్నాడు. "నేనే తీసినా."

"ఏం తీసినావు?"

"లోపల బిళ్ళుంటాది. బరువు దాని మీదే ఉంటాది. జియావుల్లా తీయొద్దనె. నన్ను మోసం చేస్తాండాడనుకొని తీసినా. అట్ట పెట్టినా. ఇప్పుడు చెప్తే అంగడి పరువు పోతాదని చెప్పకుంటి." అతని నోటి నుంచి ఒక్క గుక్కలో అన్ని మాటలు రావడం ఐశ్వర్య పుట్టినప్పటి నుంచి వినలేదు.

రమణమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. నమ్మిందో లేదో తెలియదు. ఒళ్ళోని గాజులు మాత్రం వదల్లేదు.

"సరే. అనుమానమొస్తే నేను గూడా గాజు కరగబెట్టి చూసేదాన్నే," అంది. "గడప కాడికి రా. ఎండలో తూసియ్యి. నాది నాకు, నీది నీకు."

గడప దగ్గర, వీధిలో నలుగురూ చూస్తుండగా శెట్టి గాజులు తూచాడు. రమణమ్మ రెండుసార్లు తూపించింది.

సాయంత్రం ఐశ్వర్య మిగిలిన రెండు దీపాల కింద కుర్చీలు తీసేయబోయింది. శెట్టి చెయ్యి ఊపాడు.

"అవి ఉండనీ. నేను ఇప్పలే వాటిని."

"అవ్వ పేరున్న బిళ్ళ యాడ పెట్టినావు మామా?"

అతను గూటి వంక చూపించాడు. ఆమె పోయి, బిళ్ళ తీసి, బెజ్జం చుట్టూ వేలితో తడిమింది. "పేరుకు తగలకుండా పొడిసినాడే," అంది. శెట్టి అది ముందే చూశాడు. చూసి కూడా తీశాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

మర్నాడు తెల్లారగానే స్నానం చేసి, బిళ్ళను తువ్వాలులో చుట్టుకుని శెట్టి బస్టాండుకు పోయాడు. కొక్కెం త్రాసు గోడకు ఎప్పటిలాగే వేలాడుతోంది. దాని వంక చూశాడు గాని తీసుకోలేదు. ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సు ఎక్కాడు. దారి పొడుగునా తువ్వాలు మూట ఒళ్ళోనే ఉంది.

కొత్త హోటలు ఇంకా తెరవలేదు. సిమెంటు వాసన, కొత్త బల్లలు, టీ మాత్రం పనివాళ్ళ కోసం కాగుతోంది. జియావుల్లా నిచ్చెన మీద ఉన్నాడు. అతని చుట్టూ ఇత్తడి చెంబులూ, గంగాళాలూ, పాలకేన్లూ వైర్లకు వేలాడుతున్నాయి. శెట్టి నిచ్చెన కింద నిలబడి తువ్వాలు విప్పి బిళ్ళ పైకి చాపాడు.

జియావుల్లా చెయ్యి కిందికి చాపలేదు. "తూసి ఇయ్యి శెట్టీ. మళ్ళా అరిగిందంటావు."

"తూయలే."

"ఇంట్లో తూసినావా?"

"ఇంట్లో గూడా తూయలే."

జియావుల్లా నిచ్చెన మీద నుంచి అతని ముఖం కాసేపు చూశాడు. తర్వాత వంగి, బిళ్ళ తీసుకుని, జేబులో వేసుకున్నాడు. "ఈ పని కానీ. ఆదివారం వస్తా. అంతవరకు ఆ వైరు కొసలకు టేపు చుట్టి పెట్టు. టీ తాగు పో."

శెట్టి చుట్టూ చూసి, ఒక పెద్ద గంగాళం కింద ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"శెట్టీ! ఆడొద్దు! లే, లే!" జియావుల్లా నిచ్చెన మీద నుంచి అరిచాడు. "అది ఉత్త తాడుకు కట్టినా. దానికింకా బిళ్ళ ఏయలే. పడ్తాది నీ నెత్తిన!"

శెట్టి లేచాడు. ఎందుకని అడగలేదు. టీ గ్లాసు పట్టుకుని పక్క దీపం కిందికి పోయి, పైకి చూడకుండా కూర్చున్నాడు.